సీసపు గుర్రాలు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం బకాయిల గురించి మాట్లాడవలసిన వారు నా తరువాత మాట్లాడతారు. విశ్రాంత జీవితంలో కాలక్షేపం మీద పది నిమిషాలు చెప్పమని కార్యదర్శిగారి ఆజ్ఞ. నడక, భగవద్గీత, మనుమలు అనే మూడూ నాకు ముందు మాట్లాడినవారే చెప్పేశారు. నాకు మిగిలినవి సీసపు గుర్రాలు.

ఖజానా శాఖలో ముప్పైనాలుగేళ్ళు పద్దులు రాసిన చేయి నాది. రిటైరయ్యాక ఆ చేతికి పని లేకపోయింది, పైగా కొంచెం వణుకు పట్టుకుంది. ఆ పరిస్థితిలో ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో ఉంటున్న మా అబ్బాయి దగ్గరకు ఆరునెలలు వెళ్ళాం. రోజూ వాన. పక్కింటి పెద్దాయన తపాలా శాఖలో పనిచేసి రిటైరైనవారు. ఒకనాడు తన కారు షెడ్డులోకి తీసుకువెళ్ళారు. కారు లేదు. పెద్ద బల్ల మీద వాటర్లూ యుద్ధం జరుగుతోంది! వందల కొద్దీ గుర్రపు రౌతులు, ఒక్కొక్కటీ అంగుళం ఎత్తు. ఈ వయసులో ఈయనకు బొమ్మలాటేమిటి అనుకున్నాను.

తరువాత తెలిసింది. ప్రష్యా సైన్యంలో అధికారుల శిక్షణకు 1824లో రైస్విట్జ్ అనే ఆయన పటం మీద ఆడే యుద్ధక్రీడకు నియమాలు ప్రచురించాడు. 1913లో హెచ్.జి. వెల్స్ ‘లిటిల్ వార్స్’ రాసి బొమ్మ సైనికులతో ఇంట్లో ఆడే పద్ధతి చెప్పాడు. 1962లో ‘వార్ గేమ్స్’ పుస్తకం రాసిన డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ ఈ సౌతాంప్టన్‌లోనే ఫిజియోథెరపిస్టుగా పనిచేశాడు. ఆట మన చదరంగం లాంటిదే గాని గళ్ళుండవు. గుర్రపుదండు ఇన్ని అంగుళాలు, కాల్బలం అంతకు తక్కువ అని స్కేలు పెట్టి కొలిచి జరుపుతారు. ఎవరు పడ్డారో పాచికలు చెబుతాయి.

అద్దాల బీరువాలో ఉన్న పెద్ద బొమ్మలు మాత్రం ఆయన ఆటకు తీసేవారు కాదు. అవి బ్రిటన్స్ కంపెనీవి. 1893లో విలియం బ్రిటన్ లండనులో బోలు బొమ్మలు పోయడం కనిపెట్టాడు. కరిగిన సీసం అచ్చులో పోయగానే అచ్చుకు తగిలిన పొర గట్టిపడుతుంది. లోపలిది వెంటనే ఒంపేస్తారు. లోహం ఆదా, ధర తక్కువ. దాంతో అంతవరకు గట్టి సీసపు బొమ్మలు పంపే జర్మనీవారికి పోటీ ఎదురైంది. 1966లో ఆ కంపెనీ సీసపు బొమ్మలు మానేసింది.

నేను బయలుదేరే ముందు నెలలో, “మీ దేశపువాడు” అంటూ ఆయన ఒక రౌతును నా చేతిలో పెట్టారు. తలపాగా, చేతిలో ఈటె, పసుపు కోటు. అది స్కిన్నర్స్ హార్స్ దళం. 1803లో జేమ్స్ స్కిన్నర్ ఏర్పాటు చేసింది. పసుపు కోట్లకే ఆ దళానికి పేరు. కాని ఆ బొమ్మ మీద పసుపు సగం పోయింది, గుర్రం ముక్కు దగ్గర సీసం బయటపడింది.

కొత్తగా చేసి ఇస్తే సంతోషిస్తారనుకున్నాను. రాత్రి కూర్చుని థిన్నరులో దూది ముంచి పాత రంగంతా తుడిచేశాను. పసుపు కలపడమే కష్టమైంది. అప్పటికి నాకు కుడికంటికే శుక్లం ఆపరేషన్ అయింది. ఒక కంటికి నిమ్మపండు, ఇంకో కంటికి మామిడిపండు కనబడేది! చివరకు నిమ్మపండే ఖాయం చేసి పూశాను. ధగధగలాడింది.

మర్నాడు తీసుకువెళ్ళి చూపించాను. ఆయన తిప్పి చూశారు. చాలాసేపు మాట్లాడలేదు. “ఆ ముక్కు దగ్గర మా తమ్ముడు చిన్నప్పుడు మెట్ల మీద పారేశాడు. తమ్ముడు లేడు. మీకు తెలియదు కదా” అన్నారు. అంతే. కోప్పడి ఉంటే బాగుండేది.

అయ్యా, లెడ్జరులో తప్పు పడితే ఏం చేస్తాం? ఒక్క గీత గీసి, పైన సరైన అంకె వేసి, పొడిసంతకం పెడతాం. పాత అంకె కనబడుతూనే ఉండాలి. వైట్‌నర్ పూసిన జూనియర్ల మీద నేనెంత కేకలు వేశానో ఇక్కడున్న కొందరికి తెలుసు. ఆ పనే నేను చేశాను.

వారం తరువాత ఆయనే ఒక డబ్బా ఇచ్చారు. “వీటికి ఎన్నిసార్లయినా రంగు మార్చుకోండి” అన్నారు. 1960లలో ఆ ఊళ్ళోనే మొదలైన మినీఫిగ్స్ కంపెనీవి, నెపోలియన్ కాలపు ఫ్రెంచి డ్రాగూన్ రౌతులు, రంగు వేయనివి. అవే ఇప్పుడు నా పని. సబ్బునీళ్ళతో కడగాలి. అచ్చు అతుకు దగ్గర మిగిలిన సీసం సన్నటి ఆకురాయితో తీయాలి. సీసా మూత మీద జిగురుతో నిలబెట్టి, అడుగురంగు వేసి ఆరనివ్వాలి. కోటు ఆకుపచ్చ. గోధుమరంగు గుర్రాల్లోనూ తేడా ఉంది. జూలు, తోక, మోకాళ్ళ కింద నలుపు ఉండే రకం వేరు, ఒళ్ళంతా ఒకే ఛాయలో ఉండేది వేరు. బాకా ఊదేవాడికి తెల్లగుర్రం. కుడి మణికట్టును ఎడమ మణికట్టు మీద ఆనించి, ఊపిరి బిగబట్టి కుంచె ఆనిస్తే వణుకు అంతగా తెలియదు. రోజుకు ఒక గుర్రం, అంతకు మించి కన్ను ఒప్పుకోదు.

మనకేమిటి సంబంధం అని ఎవరో అడిగారు. ఢిల్లీ తీన్‌మూర్తి కూడలిలోని మూడు కంచు విగ్రహాలు హైదరాబాదు, జోధ్‌పూర్, మైసూరు సంస్థానాల ఈటెల రౌతులవి. 1922లో పెట్టారు. మన డెక్కన్ హార్స్ 1916 జూలై 14న ఫ్రాన్సులో సోమ్ యుద్ధంలో హైవుడ్ అడవి దగ్గర గుర్రాలతో దాడి చేసింది. ఆ బొమ్మలు ఎక్కడైనా దొరుకుతాయేమోనని వెతుకుతున్నాను.

ఒక హెచ్చరిక. పాత సీసపు బొమ్మలుంటే ఓకు చెక్క బీరువాలో పెట్టకండి. ఆ చెక్కలోని ఆమ్లపు ఆవిరికి ఇత్తడికి కిలుం పట్టినట్టు సీసానికి తెల్లపొడి పట్టి తినేస్తుంది.

ఆ పసుపు రౌతు నా దగ్గరే ఉన్నాడు. ఆయన తిరిగి తీసుకోలేదు. అడుగున సన్నటి అక్షరాలతో తేదీ వేసి పొడిసంతకం పెట్టాను. డ్రాగూన్లతోపాటు ఆ బల్ల మీద ఉంచాను, సభ తరువాత చూడండి. పట్టుకున్నవారు టిఫిను ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి, సీసం.