50 రూపాయల రేడియో స్టేషన్ ఎందుకు మూతపడింది?

ఈరోజు ఒక రేడియో స్టేషన్ ఓనర్ గురించి మాట్లాడుకుందాం. పేరు రాఘవ్ మహతో. ఊరు బీహార్, వైశాలి జిల్లాలోని మన్సూర్‌పూర్. కూలి పనులు చేసుకునే కుటుంబం, పెద్దగా చదువు లేదు. రేడియోలు రిపేర్ చేసే షాపు ఒక్కటే ఆధారం.

2003లో ఆ షాపులోనే సొంతంగా ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ కిట్ తయారుచేశాడు. ఖర్చు ఎంతో తెలుసా? సుమారు 50 రూపాయలు! పక్కనున్న మూడంతస్తుల ఆసుపత్రి మీద వెదురు బొంగు నిలబెట్టి, దానికి యాంటెన్నా కట్టాడు. అంతే, 'రాఘవ్ ఎఫ్‌ఎం మన్సూర్‌పూర్ 1' రెడీ. ఫ్రెండ్ శంభు మైక్ పట్టుకున్నాడు. సినిమా పాటలు, భోజ్‌పురి పాటలు, ఊరి కబుర్లు, పోలియో, హెచ్‌ఐవీ గురించి జాగ్రత్తలు... అన్నీ వచ్చేవి. స్టేషన్ మీద సంపాదన లేదు, ఇల్లు గడిచేది రిపేర్ డబ్బులతోనే.

నేను బీటెక్‌లో ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్ ఈక్వేషన్లు రాసి పాసయ్యాను. ఈయన ఆ ఈక్వేషన్ల జోలికే పోకుండా చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ పాట వినిపించాడు.

2006లో బీబీసీ ఆయన గురించి రాసింది. పేరు దేశం దాటింది. 2008లో స్టేషన్ మూతపడింది. కారణం, లైసెన్స్ లేదు. చట్టం 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం.

రూల్ ఊరికే పెట్టింది కాదు. ఎఫ్‌ఎం బ్యాండ్ 108 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగుతుంది, అక్కడి నుంచే విమానాల బ్యాండ్ మొదలు. ఇంట్లో చేసిన సెట్టు సిగ్నల్ అటు జారితే ప్రమాదమే.

అసలు పాయింట్ ఇక్కడుంది. అదే 2008లో, అక్టోబర్ 15న మన జహీరాబాద్ దగ్గర మాచ్నూర్‌లో 'సంఘం రేడియో' మొదలైంది. నడిపింది పల్లెటూరి దళిత మహిళలే. వాళ్ల వెనక డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. 2006 పాలసీ ప్రకారం కమ్యూనిటీ రేడియో లైసెన్స్ సంస్థలకే ఇస్తారు, ఒంటరి మనిషికి ఇవ్వరు. అంటే రాఘవ్ అప్లై చేద్దామనుకున్నా, ఆయన పేరు రాయడానికి ఫారంలో చోటే లేదు!

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. మరి ఆ ప్రజల్లో ఒక మెకానిక్ కూడా ఉండాలి కదా? ఆయన్ని ఆపడం తప్పని నేననను. ఆపినవాళ్లే పక్కనున్న ఏ కాలేజీకో, సొసైటీకో కలిపి, మంచి సెట్టు ఇప్పించి ఉంటే ఆ గొంతు మూగబోయేది కాదు.

మీ ఊళ్లో ఇలాంటి చెయ్యి తిరిగిన మెకానిక్ ఉన్నాడా? కామెంట్స్‌లో చెప్పండి.