కాలేజీ గేటు కాడ అడగవలసిన ప్రశ్నలు

(ఇంటర్ ఫలితాలు వచ్చినంక వాడలో జరిగిన సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



మన వాడలో ఈ ఏడు 11 మంది పిల్లలు ఇంటర్ పాసైండ్రు. పాతికేండ్ల కింద మేము పాసైననాడు వాడ మొత్తంలో ఇద్దరమే. కాలేజీ గేటు దాకా పోయినం గాని, లోపల ఎవరిని ఏమడగాలో తెల్వదు. బీఎస్సీ అంటే ఏందో, బీకాం అంటే ఏందో చెప్పేటోళ్లు ఇంట్లో లేరు. గుమాస్తా ఏ ఫారం చేతిలో పెడితే అదే నింపినం. అడిగితే కసురుకుంటరేమోనని నోరు మూసుకున్నం. అడగక మేము పోగొట్టుకున్నది మీరు పోగొట్టుకోవద్దు. వారం దినాల సంది మీరు మమ్ముల అడుగుతున్న ప్రశ్నలే ఇక్కడ ఒక్కొక్కటి తీసుకుందాం.

"సారూ, ఏ కోర్సు మంచిది?" పక్కింటి పిల్లగాడు చేరిందే మంచి కోర్సు కాదు. మూడేండ్లు చదివినంక దానితోని ఏ కొలువుకు పోవచ్చు, ఏ పరీక్ష రాయొచ్చు అన్నది ముందే అడగాలి. లెక్కల టీచర్ కావాలంటే డిగ్రీలో లెక్కలుండాలి, ఆనక బీఎడ్ చెయ్యాలి. ఇంజనీరింగు ఒక్కటే చదువు కాదు, డిగ్రీ తక్కువ చదువు కాదు.

"ఏ కాలేజీల వెయ్యాలె?" బండేసుకొని ఇంటికొచ్చి బస్సు ఫ్రీ, హాస్టల్ ఫ్రీ అని చెప్పేటోనికి పిల్లలను చేర్పిస్తే తలకింత అని కమీషన్ ఉంటది. తెలంగాణలో 2016 నుంచి డిగ్రీ సీట్లు దోస్త్ ద్వారా ఆన్‌లైన్‌లో నింపుతున్నరు. అందులో ఆప్షన్లు మీ చేతులతో మీరే పెట్టుకోవాలి. ఫోనుకు వచ్చిన ఓటీపీ ఏజెంటుకు చెప్పిండ్రంటే మీ సీటు వాడు రాసిన కాలేజీకి పోతది. ముందుగాల సర్కారు కాలేజీ చూడండి. ఒక దినం కూలి పోయినా సరే, పోయి కండ్లారా చూడండి. సార్లున్నరా? ల్యాబు తాళం తీస్తున్నరా? రెండో ఏడు చదివే మన పిల్లలను పక్కకు పిలిచి అడగండి, నిజం వాళ్లే చెప్తరు.

"పైసలు ఎవరు కడతరు?" అంబేద్కర్ వైస్రాయి కౌన్సిల్‌లో సభ్యుడుగా ఉన్న కాలంలో, 1944లో, ఎస్సీ విద్యార్థులకు పోస్టుమెట్రిక్ స్కాలర్‌షిప్పు మొదలైంది. అది ఎవరి దయా కాదు. 2021లో మార్చిన కేంద్ర నిబంధనల ప్రకారం తల్లిదండ్రుల ఏడాది ఆదాయం రెండున్నర లక్షలు దాటకూడదు. ఖర్చులో కేంద్రం 60 పాళ్లు, రాష్ట్రం 40 పాళ్లు పెట్టాలి. కులం, ఆదాయం సర్టిఫికెట్లకు ఇప్పుడే మీసేవలో అర్జీ పెట్టండి. పిల్ల పేరు మీద బ్యాంకు ఖాతా తెరిచి ఆధార్ కలపండి.

అయితే కాగితం మీద హక్కు ఉన్నంత మాత్రాన పైసలు సమయానికి వస్తయని నమ్మొద్దు. 2025 నవంబరులో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు ఫీజు బకాయిల కోసం బంద్ పెట్టినయి. సర్కారు కట్టకుంటే కాలేజీ మన పిల్లల మెడ మీద కూర్చుంటది.

మా బడిలో చదివిన ఒక బిడ్డ సంగతి చెప్తం. డిగ్రీ ఫస్టు క్లాసులో పాసైంది. బీఎడ్‌ల సీటొచ్చింది. టీసీ, మెమోలు అడిగితే "స్కాలర్‌షిప్పు రాలే, 38 వేలు కట్టి తీసుకపో" అన్నరు. తండ్రి లేడు, తల్లి పత్తి ఏరేది. ఆ బిడ్డ సిగ్గుపడి ఎవరికీ చెప్పలే. సీటు పోయింది. బట్టల దుకాణంలో పనికి కుదిరింది. మాకు తెలిసేసరికి ఎనిమిది నెలలైంది. పది మందిమి కలిసి సోమవారం కలెక్టరు ప్రజావాణిలో దరఖాస్తు ఇచ్చినం, మూడు వారాలు తిరిగినం, కాగితాలు చేతికొచ్చినయి. పోయిన ఏడు మాత్రం రాలేదు.

కాబట్టి గట్టిగ గుర్తుపెట్టుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి, సరిచూసుకొని తిరిగి ఇచ్చెయ్యాలి తప్ప కాలేజీ తన దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులోనే చెప్పింది. ఇవ్వకపోతే రాతలో అడగండి. నకలు మీద ముద్ర వేయించుకోండి. మొదటి దినమే మాకు చెప్పండి, ఎనిమిది నెలలకు కాదు.

"మాది తెలుగు మీడియం, ఎక్కుతదా?" మొదటి ఆరు నెలలు ఎక్కదు. మేము మొదటి ఏడు ఇంగ్లీషు తప్పినం. మళ్లీ కట్టి పాసైనం. తప్పితే సిగ్గు లేదు, మానేస్తేనే నష్టం.

"ఆడపిల్లను అంత దూరం ఎట్ల పంపుడు?" మగపిల్లగాని గురించి ఈ ప్రశ్న ఒక్కరూ అడగలేదు! ఆడపిల్లలకు హాస్టల్‌తో సాంఘిక సంక్షేమ గురుకుల డిగ్రీ కాలేజీలు ఉన్నయి. పోయి చూసి రండి. పెండ్లికి దాచిన పైసలు చదువుకు పెట్టండి.

ఆఖరు ప్రశ్న ఎవరూ గట్టిగ అడగలేదు, ఒక తల్లి చెవిల అడిగింది. "ఆడ కులం పేరు పెట్టి ఏమన్న అంటే?" అమ్మా, అంటరు. విదేశాల్లో చదివొచ్చి 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్ అయిన అంబేద్కర్‌నే తమ కుండల నీళ్లు తాగొద్దన్నరు తోటి ప్రొఫెసర్లు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టల్ నుంచి బయటికి పంపిన ఐదుగురు అంబేద్కర్ విద్యార్థి సంఘం పిల్లలలో ఒకడైన రోహిత్ వేములను 2016 జనవరి 17న పోగొట్టుకున్నం. అది చూసి పిల్లలను ఇంట్లో కూర్చోబెడితే మనల్ని వద్దన్నోళ్లే గెలిచినట్టు. పంపుదాం, కాని ఒంటరిగ పంపొద్దు. ర్యాగింగ్ చేస్తే 1800-180-5522కు ఫోన్ చెయ్యొచ్చు. వివక్ష చూపితే తేదీ, మాట, విన్నోళ్ల పేర్లు రాసిపెట్టుకొని ఫిర్యాదు ఇవ్వాలి. బిడ్డ గొంతు ఫోనులో మారితే తెల్లారి బస్సెక్కాలి.

ఈ 11 మందికి వాడలో చదువుకున్న ఒక్కొక్కరం తోడుందాం. దోస్త్ నింపే దినం పక్కన కూర్చుందాం, చేరే దినం గేటు దాటి లోపలికి పోదాం. మేము అడగలేని ప్రశ్నలు ఈ పిల్లలు గట్టిగ అడగాలి. ఎవరు ఎవరి వెంట పోతరో ఇప్పుడే, ఈ సభలోనే పేర్లు చెప్పండి. రాసుకుంటం.

జై భీమ్.