మన బడి మెష్ నెట్‌వర్కు: రెండుసార్లు కట్టిన కథ

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు నన్ను మెష్ నెట్‌వర్కు గురించి అందరికీ అర్థమయ్యేలా పది నిమిషాలు మాట్లాడమన్నారు. అయితే ముందు మీకు ఒక లెక్క అప్పజెప్పాలి. మీలో చాలామంది దీనికి చందాలు ఇచ్చారు. రెండేళ్ల కిందట వేసవి సెలవుల్లో రిబ్బను కత్తిరించాం, ఫొటోలు దిగాం. ఆ అక్టోబరుకల్లా ఏడు పెట్టెల్లో నాలుగు పనిచేయడం మానేశాయి. ఎందుకు మానేశాయో ఇంతవరకూ మీకెవరూ చెప్పలేదు. బిగించినవాణ్ణి నేనే కాబట్టి నేనే చెప్పాలి.

మెష్ అంటే ఏమిటో వెనక బెంచీ వాళ్లకు చెప్పక్కర్లేదు. క్లాసులో చీటీ పంపడం గుర్తుందిగా? నేరుగా విసిరితే మాస్టారు చూస్తారు. అందుకని బెంచీ నుంచి బెంచీకి అందిస్తాం. మధ్యలో ఒకడు దొరికిపోతే పక్క వరస మీదుగా తిప్పుతాం. ఇక్కడా అంతే. బడి డాబా, హాస్టలు, లైబ్రరీ, ఆరోగ్య ఉపకేంద్రం, పంచాయతీ ఆఫీసు, వాటర్ ట్యాంకు, తుఫాను షెల్టరు, మొత్తం ఏడు చోట్ల పెట్టెలున్నాయి. ప్రతిదీ పక్కదానికి కబురు అందిస్తుంది. ఒకటి పడిపోతే మిగతావి వేరే దారి వెతుక్కుంటాయి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండును 2005లో, 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో చాలా భాగాన్ని 2018లో మన ప్రభుత్వం లైసెన్సు అవసరం లేకుండా వదిలింది. శక్తి పరిమితి దాటకపోతే చాలు, మనలాంటివాళ్లు కూడా ఇలాంటివి పెట్టుకోవచ్చు.

సెల్‌ఫోన్లు ఉండగా ఇదెందుకని చాలామంది అడిగారు. 1996 నవంబరు 6 రాత్రి ఈ హాల్లో సగంమంది ఇక్కడే ఉండి ఉంటారు. నేను హైదరాబాదులో ఉన్నాను. అమ్మానాన్నలు బతికున్నారో లేదో నాలుగు రోజులు తెలియలేదు. టెలిఫోను లేదు, కరెంటు లేదు, దారి పొడుగునా కొబ్బరిచెట్లు అడ్డంగా పడున్నాయన్నారు. నాలుగో రోజున మా వీధాయన రావులపాలెం దాకా వచ్చి, అక్కణ్ణుంచి ఫోను చేసి ఒక్క మాట చెప్పాడు. "ఇల్లు లేదు, వాళ్లున్నారు." ఆ మాట కోసం పడిన అవస్థ నాకింకా గుర్తుంది.

ఇక కోనసీమలో వైర్‌లెస్ పెట్టడమంటే ముందు కొబ్బరిచెట్టుతో బేరమాడాలి. ట్యాంకు మీంచి చూస్తే బడి డాబా కనబడుతుంది, ఇంకేం అనుకుంటాం. కంటికి కనబడితే చాలదు. రేడియో తరంగానికి ఆ గీత చుట్టూ, మధ్యలో ఉబ్బిన దోసకాయలాంటి జాగా ఖాళీగా కావాలి. దాన్ని ఫ్రెనెల్ జోన్ అంటారు. 400 మీటర్ల దూరానికి 5 గిగాహెర్ట్జ్ దగ్గర ఆ దోసకాయ సగం లావు నడిమధ్యన రెండు మీటర్ల పైచిలుకు. అందులో కనీసం అరవై శాతం ఖాళీ ఉండాలి. కొబ్బరి మట్టలు, అదీ తడిసినవి, అడ్డం వస్తే సిగ్నలు మింగేస్తాయి. పోనీ మొవ్వుల కింద నుంచి, మానుల సందుల్లోంచి పంపుదామంటే తోటలో అంతర పంటగా కోకో, అరటి.

చెట్టుకే పెట్టె కట్టేద్దామని నేనొక తెలివైన ఆలోచన చేశాను. దింపు కార్మికుడు ఒకాయన నవ్వేశాడు. "బాబూ, గాలేస్తే తల బారెడు ఊగుద్ది. మీ పెట్టె ఎటు చూస్తదో మీకెలా తెలుస్తది?" ఏ మాన్యువల్లోనూ చదవని ముక్క అది. చెట్టు మానేసి ట్యాంకు రెయిలింగుకు మారాం.

ఇంతకీ మొదటిసారి ఏం జరిగింది? రెండు పెట్టెల్లోకి నీళ్లు వెళ్లాయి. కేబులు పైనుంచి తిన్నగా పెట్టెలోకి దించాను. వాన నీరు దాన్నే పట్టుకుని లోపలికి జారింది. తెరిచి చూస్తే పిన్నులు పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. పెట్టెకు కిందివైపు నుంచి కేబులు తీసుకుని, దూరేముందు ఒక వంపు కిందికి వేలాడదీస్తే చుక్క అక్కడే రాలిపోతుంది. అర నిమిషం పని. హాస్టలు పెట్టెకు ఇంట్లో వాడే కేబులు వేశాను. చవకగా వచ్చింది. ఎండకు దాని తోలు పెళుసెక్కి పగిలింది. ఇవి రెండూ నిర్లక్ష్యమే. డబ్బుతో సరిపోయాయి.

నాలుగోది డబ్బుతో సరిపోయే తప్పు కాదు. సెప్టెంబరులో ఒక రాత్రి బడికి దగ్గర్లో పిడుగు పడింది. డాబా మీద ఇనుప స్తంభం, దాన్నుంచి ముప్పై మీటర్ల కేబులు తిన్నగా కంప్యూటర్ గదిలోకి. సర్జ్ అరెస్టరు లేదు, ఎర్తు లేదు. "తర్వాత వేద్దాం" అనుకున్నాను. స్విచ్చి, మూడు కంప్యూటర్లు కాలిపోయాయి. మర్నాడు హెడ్‌మాస్టరు గారు ఫోను చేసి, "రాత్రి పూట కాబట్టి సరిపోయిందండి" అన్నారు, అంతే. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. మధ్యాహ్నం పూట ఆ గదిలో పిల్లలుంటారు.

వేదిక మీద మా సైన్సు మాస్టారున్నారు. ఎనిమిదో తరగతిలో పిడుగు వాహకం బొమ్మ గీయమన్నారు. పైన మొనదేలిన కడ్డీ గీశాను, గోడ వెంట తీగ గీశాను. భూమిలో రాగి పలక గీయడం మర్చిపోయాను. మాస్టారు రెండు మార్కులు కోశారు. నేను వెళ్లి గొడవపడ్డాను, "మిగతాదంతా ఉంది కదండీ" అని. ఆ రోజు మాస్టారు ఏమన్నారో మర్చిపోయాను గానీ, కాలిపోయిన ఆ స్విచ్చిని చేతిలో పట్టుకున్నప్పుడు ఆ పేపరు మాత్రం కళ్లముందు కనబడింది.

ఈసారి ముందు గొయ్యి తవ్వించాం, పెట్టెలు తర్వాత. బొగ్గు, ఉప్పు వేసి ఎర్త్ పిట్, మెగ్గరు పెట్టి చూశాం, అయిదు ఓముల లోపే వచ్చింది. స్తంభం ఎర్తును బడి కరెంటు ఎర్తుతో కలిపేశాం. రెండూ విడివిడిగా ఉంటే పిడుగు వేళ వాటి మధ్యే వోల్టేజీ పుడుతుంది, అది ఇంకా ప్రమాదం. కేబులుకు రెండు చివరలా అరెస్టర్లు. ఇవన్నీ దగ్గర్లో పడిన పిడుగుకు. నేరుగా నెత్తిన పడితే ఏ పెట్టే మిగలదు, ఆ భరోసా నేనివ్వను. సముద్రపు గాలికి ఇనుప క్లాంపులు ఆగవు, స్టెయిన్‌లెస్ స్టీలు వేశాం. ఒకే రేడియో ఉన్న పెట్టె వినడం, చెప్పడం ఒక్క నోటితోనే చేయాలి, అంచె అంచెకూ వేగం సగమవుతుంది. అందుకని రెండు రేడియోలవి తెచ్చాం, పెట్టెకూ పెట్టెకూ మధ్య 5, ఫోన్లకు 2.4. మొదటిసారి మెష్ అని పేరుపెట్టి ఇంటర్నెట్టుకు వాకిలి బడిలో ఒక్కటే ఉంచాను. బడి పెట్టె కాలగానే ఊరంతా చీకటి. ఇప్పుడు పంచాయతీ ఆఫీసులో రెండో వాకిలి ఉంది.

కరెంటు సంగతి కూడా. పెట్టె సుమారు 10 వాట్లు తింటుంది, రోజుకు 240 వాట్-అవర్లు. 12 వోల్టుల 40 ఆంపియర్-అవర్ బ్యాటరీలో 480 ఉంటుంది, సగానికి మించి లాగకూడదు. అంటే ఒక రోజు. బడికి, ట్యాంకుకు, షెల్టరుకు సోలారు పలకలు పెట్టాం. తుఫానులో బయటి ఫైబరు తెగితే ఇంటర్నెట్టు పోతుంది. కానీ షెల్టరు నుంచి ఉపకేంద్రానికి, పంచాయతీకి మాట, చీటీ వెళ్తాయి. బడిలోని చిన్న కంప్యూటరు ఆ పని చేస్తుంది. అంతకుమించి చేయదు.

ఇప్పుడు తొమ్మిదో తరగతి పిల్లలు ఆరుగురు రోజూ ఉదయం తెర మీద ఏడు చుక్కలూ పచ్చగా ఉన్నాయో లేదో చూసి రిజిస్టరులో రాస్తున్నారు. పోయిన నెల లైబ్రరీ పెట్టె వానొచ్చినప్పుడల్లా నీరసిస్తోందని పట్టుకున్నది ఒక అమ్మాయి. వెళ్లి చూస్తే కొత్తగా ఎదిగిన మట్ట అడ్డం వచ్చింది. పిల్లలు ఎక్కడం మాత్రం నిషేధం. ఎక్కేది ఎలక్ట్రీషియను, నడుముకు బెల్టు కట్టుకుని.

దసరా లోపు ట్యాంకు పెట్టె బిగింపులన్నీ ఒకసారి చూడాలి. రేపు ఉదయం ఏడింటికి పెట్టుకున్నాం. విడి భాగాల బీరువా తాళం రెండోది ఊళ్లో ఉండేవాళ్లు ఎవరైనా తీసుకుంటే నాకు నిశ్చింత. మాస్టారూ, ఎర్త్ పిట్ ఈసారి మీరే స్వయంగా చూసి చెప్పాలి. మార్కులు తర్వాత మాట్లాడుకుందాం.