అటో ఇటో తేల్చుకోనివారితో మాట



స్త్రీపురుష సమానత్వం మాట వచ్చినప్పుడు మనకు రెండు వర్గాలే కనిపిస్తాయి: ఒప్పుకొన్నవారు, ఎదిరించేవారు. కాని మన ఇళ్లలో చాలామంది ఈ రెంటికీ నడుమ ఉన్నారు. కొడుకూ కూతురూ సమానమే అంటారు. ఆస్తి పంపకం వేళకు మౌనం వహిస్తారు. వీరిని గోడమీది పిల్లులని ఎగతాళి చేయడం తేలిక. ఎగతాళి పడిన మనిషి మాత్రం గోడ దిగి మనవైపు రాడు.

కనుక మొదట అడగాలి, ఆపైన వినాలి. కూతురికి వాటా ఇవ్వడానికి అడ్డేమిటని అడిగితే తరచుగా రెండు జవాబులు వస్తాయి.

మొదటిది: “పెళ్లిలో పెట్టవలసినదంతా పెట్టాము కదా!” కట్నాన్ని 1961 నాటి చట్టం నిషేధించిందని వెంటనే అందుకొనేకంటె, “అలా ఇచ్చినది నేడు ఎవరి చేతిలో ఉన్నదండీ?” అని అడగడం మేలు. తాను వెదకి కనుగొన్న జవాబును మనిషి సులువుగా విడువడు.

రెండవది: “వాటా అడిగితే పుట్టింటి రాకపోకలు తెగిపోతాయి.” ఈ భయం కొట్టివేయదగినది కాదు. తమ్ముడితో మాట పోతుందని వాటా వదులుకొన్న అక్కలు మన బంధువులలోనే ఉన్నారు. అప్పుడు ఇలా అనవచ్చు: “అన్నదమ్ములు పొలం పంచుకొన్నా పండుగకు కలుస్తున్నారు కదా! ఆమె నోరు తెరచి అడగనక్కరలేకుండా, మీరు ఉండగానే పంచితే ఎలా ఉంటుంది?”

చట్టాన్ని గురించి చెప్పేటప్పుడు సరిగా చెప్పాలి. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకు సమాన హక్కునిస్తూ హిందూ వారసత్వ చట్టాన్ని ఆంధ్రప్రదేశ్ 1986లోను, తమిళనాడు 1989లోను సవరించాయి. అప్పటికే పెళ్లయినవారికి ఆ హక్కు దక్కలేదు. 2005 నాటి కేంద్ర సవరణ ఆ భేదాన్ని తొలగించింది. ఆ సవరణ నాటికి తండ్రి జీవించి ఉండనవసరం లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే తండ్రి తన స్వార్జితాన్ని వీలునామా ద్వారా తనకు నచ్చినవారికి ఇవ్వవచ్చు. అక్కడ చట్టం ఆగిపోతుంది. మన మాటకు పని అక్కడే మొదలవుతుంది.

మన శ్రీవిల్లిపుత్తూరు గోదాదేవి పుట్టిన ఊరు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదను రచించినది ఆమె కథతోనే. స్వామికి కట్టిన మాలను కూతురు ముందుగా ధరించిందని తెలిసి విష్ణుచిత్తుడు నొచ్చుకొన్నాడనీ, ఆ మాలే తనకు ప్రియమని స్వామి కలలో చెప్పగా మనసు మార్చుకొన్నాడనీ ఇక్కడ అందరూ చెప్పుకొంటారు. కూతురి విషయంలో తండ్రి మనసు మార్చుకోవడం ఓటమి కాదని చెప్పడానికి ఈ ఊరివారికి ఇంతకంటె దగ్గరి కథ లేదు.

ఒక్క సాయంత్రంలో ఎవరూ మారరు. అవతలివారు ఆలోచిస్తానంటే గెలిచామనీ, మాట దాటవేస్తే ఓడామనీ అనుకోవద్దు. పది రోజులు ఆగి, అదే ఆదరంతో మళ్లీ అడగండి. ఈలోగా మీ ఇంటి పంపకంలో మీ అక్కచెల్లెళ్లకు ఏమి దక్కినదో ఒకసారి చూసుకోండి. అవతలివారు మిమ్మల్ని ముందుగా అడిగే ప్రశ్న అదే.