ల్యాబులో మన సంతకం

(ఇంటర్ పాసైన మన వాడల పిల్లల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)

 

మీలో చాలామంది బైపీసీ చదివారు. నీట్ రాశారు, సీటు రాలేదు. ఇంకేముంది అని దిగాలుపడి కూచున్నారు. అందుకే ఇవాళ ల్యాబ్ టెక్నీషియన్ చదువు గురించి చెప్పడానికి వచ్చాను. నేను డాక్టర్ని కాదు, సైన్సు చెప్పుకునే బడిపంతుల్ని. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి. కాలేజీలో చేరేటప్పుడు ఏం అడగాలో, ఎవర్ని అడగాలో నాకు చెప్పే దిక్కు లేదు. మీకు ఆ బాధ ఉండకూడదు.

కిందటి నెల మా పేటలో ఒక పిన్నమ్మ ఇంటికెళ్ళాను. ఆమె ఇరవై ఏళ్ళుగా ఆసుపత్రిలో ఊడుస్తోంది. అప్పుడూ ఇప్పుడూ కాంట్రాక్టే. కూతుర్ని డీఎంఎల్‌టీలో చేర్పిద్దామన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి అడిగింది: "ఏరా అబ్బాయ్, నేనెత్తిపోసింది చాల్లేదా? నా పిల్లగూడా ఊరోళ్ళ ఉచ్చా, దొడ్డీ పట్టుకోవాలా? దానికి మళ్ళీ రెండేళ్ళ సదువొకటా?"

నాకు నోట మాట రాలేదు. రాత్రంతా నిద్ర పట్టలేదు. ఆ ప్రశ్నకే ఇవాళ జవాబు చెప్పుకుంటాను.

పిన్నమ్మ అడిగింది న్యాయమే. ఏ ఆసుపత్రికైనా వెళ్ళి చూడండి. చీపురు ఎవరి చేతిలో ఉంది? బెడ్‌పాన్ ఎవరెత్తుతున్నారు? శవాల గది దగ్గర ఎవరున్నారు? ఈ పనులు మనోళ్ళు కోరుకున్నవి కావు, పుట్టుకతోనే అంటగట్టినవి. చేసినోడు మైలపడ్డాడు. చేయించుకున్నోడు శుభ్రంగా ఉన్నాడు. కులం చేసిన లెక్క ఇది.

ఇప్పుడు ల్యాబులో కళ్లెతో ఏం చేస్తారో వినండి. టీబీ అనుమానమున్న మనిషి కళ్లెను గాజు పలక మీద పల్చగా పూస్తారు. ఆరబెట్టి, సెగ చూపించి, కార్బాల్ ఫుక్సిన్ అనే ఎర్ర రంగు వేసి ఆవిరి వచ్చేదాకా వేడి చేస్తారు. తర్వాత ఆసిడ్‌తో కడిగితే మిగతావన్నీ రంగు వదిలేస్తాయి. టీబీ క్రిమి వదలదు. పైన నీలం రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే, నీలం మీద సన్నటి ఎర్ర పుల్లల్లాగా కనబడతాయి. రాబర్ట్ కోచ్ 1882లో లోకానికి చూపించిన క్రిమి అదే. ఏమీ లేదని రాయాలంటే కనీసం వంద చోట్ల చూడాలి. ఓపిక లేక ఇరవై చోట్ల చూసి లేదని రాస్తే, ఒక మనిషి మందు లేకుండా ఇంటికెళ్తాడు, ఇంటిల్లిపాదికీ అంటిస్తాడు. ఇప్పుడు సీబీనాట్, ట్రూనాట్ యంత్రాలొచ్చాయి. అయినా నమూనా సరిగ్గా తీసుకోవడం, ఎవరిది ఎవరిదో తారుమారు కాకుండా చూడటం మనిషి పనే. టీబీ ఎక్కువగా ఎవరి ఇళ్ళలో ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. గాలాడని ఇళ్ళలో, కడుపు నిండని ఇళ్ళలో ఉంటుంది.

అయితే మైక్రోస్కోపు ముందు కూచోగానే గౌరవం వచ్చేస్తుందని చెప్తే నేను అబద్ధం చెప్పినట్టే. నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు డిప్లొమా లేకుండానే పట్నంలో ఒక ప్రైవేటు ల్యాబులో చేరాడు. పని చూసి నేర్చుకున్నాడు. మూడేళ్ళు రక్తాలు తీశాడు. కాగితం మీద ఇంకొకరి పేరు. తనిఖీకొస్తున్నారంటే వీణ్ణి వెనక తలుపు నుంచి పంపించేవాళ్ళు. ఒకసారి వాడిన సూది గుచ్చుకుంది, పట్టించుకున్న నాథుడు లేడు. మానేసి బయటికొస్తే మూడేళ్ళు పనిచేశాడని చెప్పే చిన్న చీటీ కూడా లేదు. చేతిలో సూది ఉన్నా వాడి బతుకు వెట్టి బతుకే.

ఇది మన దేశంలోనే జరిగేది కాదు. అమెరికాలో వివియన్ థామస్ అనే నల్లజాతి మనిషి ఉండేవాడు. వడ్రంగి పని చేసి కాలేజీ కోసం డబ్బు దాచుకున్నాడు. 1930లో ఆల్‌ఫ్రెడ్ బ్లాలక్ అనే సర్జన్ దగ్గర ల్యాబు సహాయకుడిగా చేరాడు. చేరాక బ్యాంకు మూతపడి ఆ డబ్బు పోయింది. చేసేది పరిశోధన, జీతాల లెక్కలో రాసింది ఊడ్చేవాడని. ఆ సంగతి తెలిసి నిలదీశాడు. గుండె జబ్బుతో నీలంగా మారిపోయే పసిపిల్లల కోసం ఆపరేషన్ పద్ధతిని ల్యాబులో కుక్కల మీద చేసి చేసి సాధించాడు. 1944 నవంబరులో బాల్టిమోర్‌లో ఆ ఆపరేషన్ మొదటిసారి ఒక పాప మీద చేసినప్పుడు, బ్లాలక్ వెనక ఒక పీట మీద నిలబడి ఎలా కుట్టాలో చెప్తూ ఉన్నాడు. పేరు మాత్రం డాక్టర్లకే వచ్చింది. ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చేసరికి 1976 వచ్చింది. సహాయకుడి చేతిలో ఎంత విద్య ఉన్నా, కాగితం మీద పేరు లేకపోతే ఏమవుతుందో చూడండి.

కాబట్టి కాగితం సంగతి జాగ్రత్తగా వినండి, రాసుకోండి.

ఒకటి. ఇంటర్ తర్వాత డీఎంఎల్‌టీ రెండేళ్ళు. ఫీజు కట్టే ముందు ఆ కాలేజీకి మీ రాష్ట్ర పారామెడికల్ బోర్డు గుర్తింపు ఉందో లేదో కాగితం చూపించమనండి. ఆర్నెల్లలో సర్టిఫికెట్ ఇస్తామనేవాళ్ళని నమ్మొద్దు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కనీసం రెండేళ్ళు, 2,000 గంటల చదువు ఉండాలంటోంది.

రెండు. కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి. స్కాలర్‌షిప్ మన హక్కు, ఎవరి దయా కాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎక్కడ ఇచ్చినా రసీదు తీసుకోండి, జిరాక్సులు దగ్గరుంచుకోండి.

మూడు. నిజమైన ఆసుపత్రిలో, నిజమైన నమూనాల మీద చెయ్యి తిరగాలి. అది లేని కాలేజీ వద్దు.

నాలుగు. పాసవ్వగానే బోర్డులో పేరు నమోదు చేయించుకోండి. 2024 సెప్టెంబరులో తెలంగాణలో 1,284 ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులు పడ్డాయి. అలాంటివి పడ్డప్పుడు నమోదు కోసం పరిగెత్తేవాడికి గడువు దాటిపోతుంది.

ఐదు. పనిలో చేరితే నియామక పత్రం అడగండి, జీతం బ్యాంకులో వెయ్యమనండి. గ్లౌజులు అడగండి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు వేయించుకోండి. 2016 జీవ వైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం అది వేయించాల్సింది ఆసుపత్రే. వాడిన సూదికి మూత పెట్టబోకండి, తెల్ల డబ్బాలో వెయ్యండి.

పిన్నమ్మా, నువ్వు ఆ చివరి బెంచీలో కూచున్నావు, కనబడుతున్నావు. నీ ప్రశ్నకు నా జవాబు ఇది. నీ కూతురు పట్టుకునేది అదే, అబద్ధం చెప్పను. కానీ అందులో ఏముందో తెలిసి పట్టుకుంటుంది. పరీక్ష చేసినట్టు రిజిస్టర్లో సంతకం చేస్తుంది. ఆ ఫలితం చూసుకుని డాక్టరు మందు రాస్తాడు. నువ్వు చేసిన పని నీచం కాదమ్మా, ఆ పనికి నిన్నే పుట్టించారన్న మాట నీచం.

పిల్లలూ, రేపు మీరు ల్యాబు కోటు వేసుకున్నాక ఒక సంగతి మరవొద్దు. మీ గది ఊడ్చే అక్కని పేరు పెట్టి పిలవండి. చెత్త ముట్టుకునే ప్రతి మనిషికీ టీకా వేయించాలని అవే నిబంధనలు చెప్తున్నాయి. ఆమెకి వేయించారో లేదో అడగండి. మనం ఒక మెట్టెక్కి కింద మెట్టు మీదున్న మనోళ్ళని మరిచిపోతే, కులం మన కోటు జేబులో కూచున్నట్టే.

జై భీమ్!