అనితల్లి పుట్టినిల్లు, మెట్టినిల్లు

కాన్‌స్టాంటినోపిలు నగరము 1453లో తురుష్కుల వశమయ్యెను. దాని కడపటి చక్రవర్తి పదునొకండవ కాన్‌స్టంటైను రెండు మాఱులు వివాహమాడెను, భార్య లిరువురును అకాలమృత్యువు పాలైరి, సంతానము లేదు. ఆతని తమ్ము లిరువురు తమ పాలికి వచ్చిన సీమకై తమలో తాము కలహించి, 1460లో దానిని గూడ పోగొట్టుకొనిరి. సరిగా ఆ కాలముననే మన గౌతమీతీరమున ఒక రాజకుటుంబము అస్తమించినది. శ్రోతలలో రాయవరము ప్రాంతమువా రుందురు గనుక, వారికి ఇది ఇంటిప్రక్క కథయే.

ఆ కథకు మూలపురుషుడు కాటయ వేమారెడ్డి. కొండవీటి ప్రభువైన కుమారగిరిరెడ్డి తోబుట్టువు మల్లాంబ ఆయన భార్య. కాళిదాసు నాటకములు మూడింటికిని వ్యాఖ్యానము రచించి, బావమఱది పేరనే దానికి కుమారగిరిరాజీయమని పేరిడిన పండితుడు. రాజమహేంద్రవర రాజ్యము ఆయనకు కుమారగిరి యిచ్చినదే. 1402లో కొండవీడు పెదకోమటి వేముని చేతిలో పడగా ఉభయులకును వైర మేర్పడెను. 1414 ప్రాంతమున కాటయ వేముడు గతించెను. మిగిలినవారు కొమరగిరి యను బాలుడును, అనితల్లి యను కూతురును.

అప్పుడు ఆ రాజ్యమునకు అండగా నిలిచినవాడు అల్లాడరెడ్డి. బాలుని పేర తాను రాజ్యము నడపెను. బాలుడు కొలదికాలమునకే మరణింపగా అనితల్లిని తన కుమారుడు వీరభద్రారెడ్డికి చేసికొనెను. ఇది స్వామిభక్తియా, రాజ్యాకాంక్షయా? రెండును గలసియుండె నని నా తలంపు. ఒరుల బిడ్డ సొత్తును నమ్మకముగా కాచినవాడు, కడపట దానిని తన యింటికే చేర్చుకొనెను! లోకములో ఇట్టి నమ్మకస్థులు కొత్తగారు గదా.

అల్లాడరెడ్డి తరువాత వీరభద్రారెడ్డియు, ఆయన అన్న వేమారెడ్డియు కలసి పాలించిరి. మరియొక సోదరుడు దొడ్డారెడ్డి శాసనము, 1430 నాటిది, రాయవరమునకు దవ్వుకాని కొంకుదురున లభించినది. మొరియా సీమలో కాన్‌స్టంటైను తమ్ములు చేయలేని పనిని ఈ అన్నదమ్ములు చేసిరి.

అయినను నాకు అందఱికంటె అనితల్లియే ముఖ్యురాలుగా తోచును. 1423లో ఆమె తన పేరనే కలువచేరు శాసనమును వ్రాయించినది. ఒక వైద్యునకు చేసిన దానమది. దాతృవంశమును పొగడి ఊరకుండక, కాకతీయ ప్రతాపరుద్రుని అనంతరము ముసునూరి ప్రోలయనాయకుడు దేశము నుద్ధరించుటయు, కాపయనాయకుని డెబ్బదియైదుగురు నాయకులు కొలుచుటయు అందు చెప్పబడినవి. పుట్టినింటి రాజ్యమును మెట్టినింట నిలుపుకొన్న స్త్రీకి, చేయిమాఱిన రాజ్యముల కథ ఎంత ముఖ్యమో వేఱుగ చెప్పవలెనా?

శ్రీనాథుడు కాశీఖండమును వీరభద్రారెడ్డికే అంకితమిచ్చెను. ఆయన మంత్రి బెండపూడి అన్నయకు దక్షారామ మాహాత్మ్యమగు భీమేశ్వర పురాణము నిచ్చెను. కాని కళింగమునుండి కపిలేశ్వర గజపతి సేనలు దిగినవి. 1456 నాటి తామ్రశాసనమున రాజమహేంద్రవర పాలకుడుగా కానవచ్చువాడు గజపతి ప్రతినిధియైన రఘుదేవుడు.

ఆ కొలువున కనకము నెఱిగిన శ్రీనాథుడు వార్ధకమున బొడ్డుపల్లి పొలమును గుత్తకు పట్టి, వరదలపాలై, శిస్తు చెల్లింపలేక అవమానము పొందెనని చాటువులవలన వినుచున్నాము.