నడుము శస్త్రచికిత్స పిమ్మట చేరు నీరు



నడుమునందు శస్త్రచికిత్స జరిగినవారికి పిదప ఎం.ఆర్.ఐ. పరీక్ష చేయించినపుడు "వెన్నులో నీరు చేరినది" అను మాట వినవచ్చును. వినినంతనే కొందరు బెంబేలు పడుదురు. మరికొందరు కాపడము పెట్టి ఊరకుందురు. రెండును తగవు. ఆ నీరెట్టిది, అది నరములను నొక్కుచున్నదా యను రెండు ప్రశ్నలే ముఖ్యమని నా మనవి.

వెన్నుపాము పెద్దవారిలో నడుము మొదటి రెండు పూసలకడనే ముగియును. అచ్చటినుండి నరములు గుఱ్ఱపు తోకవలె విడివడి దిగును. కాళ్ల బలమును, మలమూత్రముల యదుపును వానిపై నాధారపడి యున్నవి. వాని చుట్టును గట్టి పొర యొకటి సంచివలె నుండును. అందు తేటయైన ద్రవము గలదు. మెదడు చుట్టు నుండునదియు కలిపి అది సుమారు 150 మిల్లీలీటర్లు.

1934లో అమెరికాలో మిక్స్టరు, బార్ అను వైద్యులు, పూసల నడుమనుండు బిళ్ల చిట్లి నరమును నొక్కుటవలన కాలినొప్పి కలుగునని ప్రకటించిరి. నాటినుండి ఈ శస్త్రచికిత్స వ్యాప్తిలోనికి వచ్చినది. బిళ్ల ముక్కను తీయుటకై కొంత యెముకను తొలగింపగా అచ్చట ఖాళీ యేర్పడును. అందు చేరునవి నాలుగు విధములు.

మొదటిది గాయపు ఊటనీరు. ఇది తరచుగా కనబడును. సాధారణముగా దానంతట నదియే ఇంకిపోవును. రెండవది నెత్తురు. ఇది మిక్కుటమైనచో కొలది గంటలలోనే నరములను నొక్కగలదు. మూడవది, పొరకు చిల్లిపడి వెలికివచ్చిన తేట ద్రవము. లేచి కూర్చుండిన తలనొప్పి, పండుకొనిన ఉపశమనము, కుట్లనుండి తేటనీరు కారుట దీని గుర్తులు. కొందరికి పడక విశ్రాంతి చాలును. కొందరికి చిల్లిని కుట్టవలసివచ్చును. నాలుగవది చీము. జ్వరము, కుట్లకడ ఎఱ్ఱదనము, నానాటికి హెచ్చు నొప్పి దాని లక్షణములు.

కుట్లచెంత ఉబ్బు కనబడినచో పసరు కట్టరాదు, మర్దన చేయరాదు, సూదితో పొడువరాదు. లోనికి క్రిములు ప్రవేశించినచో అవి మెదడు పొరలవరకు వ్యాపింపవచ్చును. శస్త్రచికిత్స చేసిన వైద్యునికే చూపవలయును.

కాళ్లు పట్టుతప్పుట, కూర్చుండు భాగమున స్పర్శ తెలియకుండుట, మూత్రము బిగియుట లేక తెలియకయే పోవుట — వీనిలో ఏ యొక్కటి కనబడినను తెల్లవారువరకు ఆగరాదు. నొక్కిడి తీయుట ఆలస్యమైనకొలది నరముల బలము తిరిగివచ్చు ఆశ సన్నగిల్లును. వెంటనే 108 వాహనమును పిలిచి, శస్త్రచికిత్స కాగితములతో పెద్దాసుపత్రికి చేర్పవలయును.

మూత్రపు సంగతి చెప్పుటకు ఆడువారు, ముఖ్యముగా కోడండ్రు, సిగ్గుపడి దాచుదురు. కావున ఇంటి పెద్దలు తామే అడుగవలయును, లేదా ఇంటి ఆడువారిచే అడిగింపవలయును. ఆ యొక్క ప్రశ్న ఒక మనిషిని నడిపింపగలదు.